దగ్గరికి జరిగిన కాలువ

బాన్సువాడ,
12 అక్టోబరు 1978.

హన్మంతన్నకు,
కిషన్‌లాల్ నమస్తే.

నువ్వు హైదరాబాదులో కెమెరాల దుకాణంలో కుదిరావని తెలిసి బాన్సువాడలో అందరికంటే ఎక్కువ సంతోషించినవాణ్ని నేనే. అవసరం నాది మరి. బస్టాండు ఎదురుగా ఒక గది కిరాయికి తీసుకుని ‘కిషన్ ఫొటో స్టూడియో’ అని బోర్డు పెట్టాను. మా గోప్యా తండా నుంచి బాన్సువాడలో బోర్డు కట్టిన మొదటివాణ్ని నేనే. మా తండా పెద్ద, నాయక్ లక్‌పతి, ఆ బోర్డు కోసమే బండి కట్టుకుని వచ్చాడు. చదవడం రాకపోయినా చాలాసేపు దాన్నే చూసి, రంగు బాగుందని చెప్పి పోయాడు.

కోటగిరిలో దుబాయి నుంచి తిరిగొచ్చిన ఒకాయన దగ్గర కెమెరా కొన్నాను. రష్యాది. దానితోపాటు రెండు లెన్సులిచ్చాడు. ఒకదాని మీద 58, రెండోదాని మీద 28 అని ఉంది. ఈ అంకెలేమిటని అడిగితే “గవి గట్లనే ఉంటయి” అన్నాడు. అంతకంటే ఎక్కువ ఆయనకూ తెలియదు.

మా సర్పంచు బుచ్చన్న పటేలు బోణీ చేశాడు. మా తండా ఆయన పంచాయతీ కిందిదే కాబట్టి బోణీ ఆయనది కాకపోతే స్టూడియో నడవదు. కొత్త లెన్సు కదా అని 28 తగిలించి, ముఖం నిండుగా రావాలని బాగా దగ్గరికి పోయి తీశాను. కడిగి చూస్తే ముక్కు వంకాయంత వచ్చింది. చెవులు రెండూ ఎక్కడో వెనకబడిపోయాయి. పటేలు ఆ ఫొటోను ఒకసారి దగ్గరగా, ఒకసారి దూరంగా పెట్టి చూసుకున్నాడు. ఆయన భార్య గంగుబాయి మాత్రం కొంగు అడ్డం పెట్టుకుని నవ్వి, “ఇన్నేండ్లకు నీ అసలు మొఖం పడ్డది” అన్నది. దాంతో పటేలు నన్ను తిట్టడం మొదలుపెట్టాడు.

అన్నా, ఈ అంకెల సంగతేమిటి? లెన్సు చుట్టూ 2, 4, 8, 16 అని తిరిగే ఇంకో వలయం కూడా ఉంది. దాన్ని ఇంతవరకు నేను ముట్టుకోలేదు. వెంటనే రాయి. పటేలు మళ్లీ వస్తానన్నాడు.

నీ తమ్ముడు,
కిషన్‌లాల్


కోఠి, హైదరాబాదు,
20 అక్టోబరు 1978.

తమ్ముడు కిషన్‌లాల్‌కు,
హన్మంతు దీవెనలు.

నేను కెమెరాలు అమ్మే దుకాణంలో పనిచేస్తున్నానే గానీ నాకు సొంత కెమెరా లేదు. కనుక నా జ్ఞానం పూర్తిగా స్వచ్ఛమైనది. వాడకం వల్ల ఎక్కడా మాసిపోలేదు. శ్రద్ధగా చదువు.

లెన్సు మీది పెద్ద అంకె మిల్లీమీటర్లు. ఎక్కడో దూరాన ఉన్నదాని బొమ్మ ఫిల్ము మీద స్పష్టంగా పడాలంటే లెన్సు ఫిల్ముకు ఎంత దూరంలో ఉండాలో చెప్పే కొలత అది. అంకె చిన్నదైతే చూపు వెడల్పు. నీ 28 పెళ్లిపందిరిని మొత్తంగా పట్టేస్తుంది. 58 దాదాపు మనిషి కన్ను చూసినట్టే చూస్తుంది. అంకె పెరిగేకొద్దీ చూపు ఇరుకవుతుంది గానీ, దూరంగా ఉన్నది పెద్దదై వస్తుంది.

పటేలు ముక్కు విషయంలో పాపం 28ని తిట్టకు. తప్పు నువ్వు నిలబడ్డ చోటుది. జానెడు దూరం నుంచి చూస్తే నీ కంటికైనా ముక్కు దగ్గర, చెవులు దూరం. దగ్గరున్నది పెద్దదై కనిపిస్తుంది. నాలుగడుగులు వెనక్కి జరిగి 58తో తీయి. ముక్కూ చెవులూ ఎవరి హోదాలో వాళ్లు ఉంటారు.

ఇక 2, 4, 8, 16. అది లెన్సు లోపలి రంధ్రాన్ని పెద్దదీ చిన్నదీ చేసే వలయం. అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది. తలకిందులుగా ఉందని బెంబేలు పడకు. ఒక బెల్లం ముద్దను ఇద్దరికి పంచితే ఎంత ముక్క వస్తుంది, పదహారు మందికి పంచితే ఎంత వస్తుంది? ఇదీ అదే లెక్క. రంధ్రం పెద్దదైతే వెలుతురు బాగా వస్తుంది, కానీ నువ్వు గురిపెట్టిన మనిషి ఒక్కడే స్పష్టంగా ఉంటాడు. ముందువాళ్లూ వెనకవాళ్లూ మసకబారతారు. రంధ్రం చిన్నదైతే అందరూ స్పష్టమే, కానీ వెలుతురు చాలదు. షట్టరు నెమ్మదిగా వేయాలి, ఎదురుగా ఉన్నవాళ్లు కదలకూడదు.

మీ యాడిని అడిగానని చెప్పు. నన్ను కన్నది మా అమ్మే అయినా, బడి రోజుల్లో మీ గుడిసె ముందు కూర్చోబెట్టి జొన్నరొట్టె పెట్టింది మీ అమ్మే. ఆమె మోకాలు నొప్పి ఎట్లా ఉంది?

హన్మంతు


బాన్సువాడ,
3 డిసెంబరు 1978.

హన్మంతన్నకు నమస్తే.

నీ ఉత్తరం గోడకు అంటించుకున్నాను. వలయం తిప్పడం వచ్చింది. రాకపోయినా బాగుండేదేమో అనిపిస్తోంది.

పంచాయతీ పాలకవర్గానికి గ్రూపు ఫొటో తీశాను. ముందు పటేలు కుర్చీలో, ఆయన వెనక ఉపసర్పంచు చందర్, తక్కిన సభ్యులు. పంచాయతీ ఆఫీసు లోపల వెలుతురు తక్కువని వలయాన్ని 2కి తిప్పాను. పటేలు మీసంలో ఒక్కో వెంట్రుకా లెక్కపెట్టుకునేంత స్పష్టంగా వచ్చాడు. వెనక చందర్ పొగమంచులో ఉన్నాడు. “పటేలు కావాలనే నన్ను మసక జేయించిండు” అని ఆయన పంచాయతీలో పంచాయితీ పెట్టాడు. రెండు వర్గాలు తయారయ్యాయి. చివరికి మళ్లీ తీయమన్నారు. ఈసారి 16 పెట్టి అందరినీ ఊపిరి బిగబట్టమన్నాను. సరిగ్గా షట్టరు తెరిచి ఉన్నప్పుడే చందర్, పటేలు కూడా బిగబట్టాడా లేదా అని తల తిప్పి చూశాడు. ఆయనకు రెండు ముఖాలు వచ్చాయి. ఊళ్లో చాలామంది ఈ ఫొటోనే బాగుందన్నారు.

పటేలు మాత్రం లెన్సుల విలువ పట్టేశాడు. ఒకే గది ఉన్న మా ఊరి బడిని నేను మూలకు నక్కి 28తో తీస్తే, అందులో జాతర పెట్టుకోవచ్చన్నంత విశాలంగా వచ్చింది. అది చూసి నా భుజం తట్టి, “నువ్వు ఫొటో తీస్తలేవురా కిషన్, అభివృద్ధి జేస్తున్నవ్” అన్నాడు. జనవరి ఇరవయ్యారున బడిలో అభివృద్ధి ఫొటోల ప్రదర్శన పెడతాడట. సభకు వచ్చిన జనం ఎక్కువ కనబడే లెన్సు ఏమన్నా ఉందా అని అడుగుతున్నాడు. ఉంటే చూడు అన్నా.

ఇంటి ముచ్చట కూడా ఒకటుంది. నీళ్లు లేని తండాలకు ఈ ఎండాకాలం సర్కారు బోరింగులు వేస్తుందట. మా తండా మెరక మీద, కాలువ కోసు దూరంలో, అంటే దాదాపు రెండు మైళ్లు అవతల అని నీకు తెలుసు. యాడి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఆ దూరమంతా బిందెలు మోస్తుంది. మోకాలు వాచినా ఆగదు. మొదటి బోరింగు మీ తండాకే అని లక్‌పతి నాయక్‌కు మాట వచ్చింది. యాడి అప్పుడే గుడిసె ముందు రాళ్లు ఏరి జాగా చదును చేసింది. ఇంటిల్లిపాదికీ ఇప్పుడు ఆ బోరింగు తప్ప వేరే మాట లేదు.

నీ కిషన్‌లాల్


కోఠి,
18 డిసెంబరు 1978.

తమ్ముడు కిషన్‌లాల్‌కు,

బస్సు డ్రైవరు చేత ఒక పార్సెలు పంపాను. 200 లెన్సు. మా దుకాణానికి ఎవరో అమ్మి పోయిన పాతది, అద్దాలు మచ్చ లేకుండా ఉన్నాయి. బరువుగా ఉంటుంది కనుక చేత్తో పట్టుకుని తీయకు. నీ చెయ్యి ఇంత వణికితే ఫొటో అంత వణుకుతుంది. స్టాండు వాడు.

దీని గుణం చెబుతాను. దగ్గర్లో ఉండి చూస్తే ముందు వరుసవాడు పెద్దగా, వెనక వరుసవాడు చిన్నగా, మధ్యలో జాగా ఖాళీగా కనిపిస్తాయి. చాలా దూరం పోయి చూస్తే ఇద్దరూ నీకు ఇంచుమించు ఒకే దూరం, ఒకే సైజు. మధ్యలో ఉన్న ఖాళీ అణిగిపోతుంది. ఆ అణిగిన దాన్ని ఈ 200 దగ్గరకు లాక్కొచ్చి పెద్దది చేసి చూపిస్తుంది. పలుచగా కూర్చున్న జనం కూడా కిక్కిరిసినట్టే వస్తారు. నాయకులంతా ఈ లెన్సును ఇంత ప్రేమించడానికి కారణం ఇదే. అది దూరాలను తగ్గిస్తుంది కదా.

బోరింగు మాట విని నాకు నిజంగా సంతోషమైంది. పడగానే రాయి.

హన్మంతు


బాన్సువాడ,
6 ఫిబ్రవరి 1979.

హన్మంతన్నకు,

నీ తమ్ముడు ఇప్పుడు మామూలు మనిషి కాదు. ప్రదర్శన బ్రహ్మాండంగా జరిగింది. అంతకుముందు పటేలు పెట్టిన సభలో కూర్చున్నవాళ్లు పిడికెడు మంది. నేను బడి వెనక గుట్ట మీది నుంచి 200తో తీస్తే ఇసుక వేస్తే రాలనంత జనం వచ్చారు. పటేలు ఆ ఫొటో ముందు నిలబడి తన జనాన్ని తానే చూసి ఆశ్చర్యపోయాడు.

అసలు గొప్ప ఫొటో వేరే ఉంది. “కాలువ, తండా, రెండూ ఒక్క ఫొటోల పడాలె. నీతోటి అయితదా?” అని పటేలు సవాలు చేశాడు. కాకపోవడమేమిటి? ఒక పూటంతా గుట్టలు తిరిగి సరైన చోటు పట్టాను. ముందు గుడిసెల కప్పులు, వాటిని ఆనుకుని కాలువ నిండుగా మెరుస్తూ వచ్చింది. గుమ్మంలోంచి చెయ్యి చాపితే నీళ్లు అందుతాయేమో అన్నట్టుంది. జిల్లా నుంచి వచ్చిన బోరింగు ఇంజనీరు దాని ముందు చాలాసేపు నిలబడి, ఎవరు తీశారని అడిగి నాకు చెయ్యి కలిపాడు. నా చెయ్యి ఇంతవరకు ఏ ఆఫీసరూ పట్టుకోలేదన్నా. ఆ ఫొటో పేపర్లో కూడా పడుతుందట. అది ఏ తండానో నేను రాయను. చూసి నువ్వే గుర్తుపట్టాలి.

యాడి బాగానే ఉంది. జాగా రోజూ ఊడుస్తోంది.

నీ కిషన్‌లాల్


కోఠి,
25 ఫిబ్రవరి 1979.

చిరంజీవి కిషన్‌లాల్‌కు,

పేపరు చూశాను. దుకాణంలో అందరికీ చూపించాను. మా సేటు తనే కత్తిరించి ముందున్న అద్దానికి అంటించాడు. ‘మా దగ్గర కొన్న లెన్సుతో తీసినది’ అని కింద రాయించాడు. వచ్చిన ప్రతివాడికీ ఈ ఫొటో తీసింది నా శిష్యుడని చెబుతున్నాను. గొప్పలు చెప్పుకోవడం నాకు అలవాటు లేదు గానీ, ఇది చెప్పక తప్పడం లేదు.

ఏ తండానో గుర్తుపట్టమన్నావు. పెద్ద కొడప్‌గల్ వైపుదా? ఎక్కడిదైనా ఆ ఆడవాళ్లది ఏం అదృష్టం. గుడిసెలోంచి కాలు బయట పెడితే బిందె ముంచుకోవచ్చు. బోరింగు పడ్డాక మీ యాడికీ అంత సుఖం దొరకాలని కోరుకుంటున్నాను.

హన్మంతు


బాన్సువాడ,
9 ఏప్రిల్ 1979.

హన్మంతన్నకు,

ఇన్నాళ్లు రాయనందుకు కోపం చేసుకోకు. రాయడానికి మంచి మాట లేదు.

అది మా తండానే.

పటేలు ఆ ఫొటో కింద ‘మన పంచాయతీలో ప్రతి తండా గడపకూ నీరు’ అని రాయించి పెట్టాడు. ఇంజనీరు దాన్ని చూసి, గోప్యా తండాను ఆనుకుని కాలువ ఉన్నది కనుక బోరింగు అక్కరలేదని రాసుకున్నాడు. నాకు చెయ్యి కలిపింది అందుకే. పోయిన వారం బోరు బండి మా తండా ముందు నుంచే పోయింది. ఆడవాళ్లు ఎదురుగా పోయి కుంకుమ బొట్లు పెట్టారు. డ్రైవరు బండి నెమ్మది చేసి బొట్టు పెట్టించుకుని, దిగకుండానే వెళ్లిపోయాడు. ఆ బోరింగు పటేలు మామిడితోట గేటు దగ్గర పడింది. దారిన పోయేవాళ్ల కోసమట. ఆ దారి తోట దగ్గరే ఆగిపోతుంది.

లక్‌పతి నాయక్ ఆఫీసుకు పోయి అడిగితే ఇంజనీరు పేపరు ముక్క చూపించి, ఇది తీసింది మీ పిల్లగాడే కదా అన్నాడట. నాయక్ తిరిగొచ్చి ఆ మాట తండాలో చెప్పాడు. ప్రతి గుడిసెలో నేను తీసిచ్చిన ఫొటోలు ఉండేవి కదా, అవన్నీ గోడవైపు తిప్పి పెట్టారు. యాడి నాతో మాట్లాడడం మానేసింది. అన్నం పెడుతుంది. ఏమన్నా చెప్పాలంటే మా చెల్లె సోమ్లితో చెబుతుంది, నేను పక్కనే ఉన్నా సరే.

నేను ఇంజనీరు దగ్గరికి పోయాను. అది పెద్ద లెన్సుతో దూరం నుంచి తీసింది సార్, మధ్యలో కోసు నేల ఉందని చెప్పాను. ఆ నేల ఫొటోలో ఏదీ అన్నాడు. మర్నాడు తండాలో నిలబడి 28తో ఇంకో ఫొటో తీసి తీసుకుపోయాను. అందులో కాలువ దారమంత కూడా లేదు. ఇందులో కాలువే లేదు కనుక ఇది వేరే తండా అన్నాడు. రెండూ పక్కపక్కన పెట్టి, ఒకటి అబద్ధమయ్యుండాలని ఆలోచించి, మొదటిది పేపర్లో పడింది కనుక అదే నిజమని తేల్చాడు. మీరొకసారి వచ్చి కళ్లతో చూడండని బతిమాలాను. పని మంజూరైన చోటికే జీపు వస్తుందట, చూడడానికి రాదట.

అన్నా, రంధ్రం లెక్క, మిల్లీమీటర్ల లెక్క అన్నీ నేర్పావు. దీనికేం చేయాలో చెప్పు. యాడి ఇంకా ఆ జాగా ఊడుస్తూనే ఉంది. నాకు అది చూడబుద్ధి కావడం లేదు.

కిషన్


కోఠి,
16 ఏప్రిల్ 1979.

కిషన్,

నీ ఫొటో అద్దం మీది నుంచి పీకేశాను. సేటు కోప్పడ్డాడు. కోప్పడనీ.

ఆ గుడిసెల్లో రెండోదాని ముందు కూర్చుని నేను ఎన్ని మధ్యాహ్నాలు రొట్టె తిన్నానో నాకు తెలుసు. అయినా గుర్తుపట్టలేదు. ఆ ఆడవాళ్లది అదృష్టమని రాశాను. ఆ వాక్యం తలుచుకుంటే సిగ్గుగా ఉంది. లెన్సు పంపిందీ నేనే, దాని గుణాన్ని చమత్కారంగా వర్ణించిందీ నేనే. తప్పులో నీకెంత వాటా ఉందో నాకూ అంతే ఉంది.

మనిషి కన్ను చూసినట్టు చూసేది 58. కాలువ గట్టున నిలబడి దానితో తీస్తే ఉన్న దూరం ఉన్నట్టే పడుతుంది. కానీ నువ్వు మూడో ఫొటో తీసుకుపోతే ఆ మహానుభావుడు మూడో తండా అంటాడు. ఫొటోను నమ్మి నేలను నమ్మని మనిషికి చూపించే లెన్సు నా పుస్తకాల్లో లేదు. యాడి దగ్గరికి పోయి కూర్చో. తిడితే పడు.

హన్మంతు


బాన్సువాడ,
21 మే 1979.

హన్మంతన్నకు,

నువ్వు చెప్పినట్టే యాడి దగ్గర కూర్చున్నాను. తిట్టలేదు. ఇంజనీరుకు చెప్పినవన్నీ ఆమెకూ చెప్పాను. ఆయన ఫొటోనే నమ్ముతున్నాడు, నడిచి రమ్మంటే రావడం లేదు అన్నాను. ఆమె రొట్టెలు చేస్తూ అంతా విని, సోమ్లి వైపు తిరిగి మా భాషలో ఒక మాట అంది. నీకోసం తెలుగులో రాస్తున్నాను.

“ఫొటోకైతే గాళ్లు ఏడికన్న వస్తరు గదనే. కాలువ కాడి నుంచి నడిపియ్యమను.”

అంతే. మళ్లీ రొట్టె తిప్పింది.

మర్నాడు పటేలు దగ్గరికి పోయాను. కాలువ నీళ్లు సర్పంచూ ఇంజనీరూ స్వయంగా బిందెలతో మోసుకొచ్చి తండా జనానికి పోస్తున్నట్టు ఫొటో తీస్తానని చెప్పాను. వెనక కాలువ, ముందు తండా, మధ్యలో మీరు, ఇట్లాంటిది జిల్లాలో ఎవరికీ లేదు అన్నాను. పటేలు కళ్లు పెద్దవయ్యాయి. ముందుముందు ఎన్నికలున్నాయి. ఇంజనీరును ఆయనే ఒప్పించాడు. చూడడానికి రాని జీపు ఫొటో దిగడానికి తెల్లారేసరికి ఊళ్లో ఉంది.

నేను ఒక్క అబద్ధం కూడా ఆడలేదన్నా. మీ ముఖాలు గుర్తుపట్టేంత పెద్దగా రావాలంటే తండా దాకా నడిచి రావాలి, కాలువ దానంతటదే మీ వెనక వచ్చి నిలబడుతుంది అన్నాను. నిజమే కదా. జీపు పడితే ఫొటో పాడవుతుంది, దాన్ని కాలువ దగ్గరే ఉంచమన్నాను. ఖాళీ బిందె మోసేవాడి మెడ చూస్తే తెలిసిపోతుంది కనుక నిండుగా ముంచమన్నాను. తండా దాటాక, కాలువకు ఎదురు దిక్కున ఉన్న గుట్ట మీద నేను ఉంటాను, ఎర్ర తువ్వాలు ఎత్తితే ఫొటో పడ్డట్టు, అప్పటిదాకా ఆగొద్దు అన్నాను. పటేలు జీతగాడు బిందె తాను మోస్తానన్నాడు గానీ, ముఖం వాడిది పడుతుందనేసరికి పటేలే భుజానికెత్తుకున్నాడు.

గుట్ట మీది నుంచి 200లో చూస్తూ కూర్చున్నాను. అన్నా, నువ్వు రాయని గుణం ఒకటి నాకు కనిపించింది. ఎదురుగా వచ్చేవాళ్లు ఆ లెన్సులో నడుస్తూనే ఉంటారు గానీ ముందుకు జరగరు. కాళ్లు ఆడుతున్నాయి, చెమటలు కారుతున్నాయి, కాలువ మాత్రం వాళ్ల వీపును వదలడం లేదు. యాడి, తక్కిన ఆడవాళ్లు తమ బిందెలతో ఏవో కబుర్లు చెప్పుకుంటూ వెనకే వస్తున్నారు.

దారిలో మాటలు వాళ్లతో నడిచిన సోమ్లి చెప్పింది. సగం దూరంలో పటేలు, ఇంకెంత దూరమని యాడిని అడిగాడట. “ఫొటోల జూస్తే ఇంటెన్కనే గద పటేలా” అన్నదట యాడి. ఇంజనీరు రెండుసార్లు బిందె దించబోతే, దించితే మళ్లీ ఎత్తుకోవడం కష్టం సారూ అని మెల్లగా చెప్పిందట. అది ఆమె ఎన్నో ఏళ్లుగా చేస్తున్న పని.

గుడిసెల దగ్గరికి వచ్చాకే తువ్వాలు ఎత్తాను. నేను దిగి వచ్చేసరికి ఇంజనీరు మా గుడిసె ముందు, యాడి చదును చేసిన జాగాలో నేల మీద కూలబడి ఉన్నాడు. బూట్లు విప్పేశాడు. నీళ్లు అడిగాడు. ఆయన మోసుకొచ్చిన బిందెలో అడుగున కొన్ని ఉన్నాయి, తక్కినవి ఆయన చొక్కా మీద ఉన్నాయి. యాడి తన బిందెలోంచి పోసింది. దోసిలి పట్టి తాగాడు. తాగి చాలాసేపు కాలువ వైపు చూశాడు. అక్కడి నుంచి కాలువ కనిపించదు.

“రోజూ గింత దూరం పోతరా?” అని అడిగాడు.

“రెండుసార్లు” అన్నది యాడి.

బోరు బండి పంపుతానని చెప్పి, జీపు ఇక్కడికే రమ్మనమని ఒకణ్ని పరుగెత్తించాడు. తిరిగి నడిచే ఓపిక ఆయనకు లేదు.

నీ కిషన్‌లాల్


కోఠి,
30 మే 1979.

తమ్ముడూ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివి, మా సేటుకు కూడా చదివి వినిపించాను. ఎదురుగా వచ్చేవాళ్లు జరగనట్టు కనబడే గుణం పుస్తకంలో ఉంది. నేను చదివాను గానీ అర్థం చేసుకోలేదు. ఇకనుంచి నీకు పాఠాలు రాయను.

ఒకటే సందేహం. ఆఫీసరు మాట ఇవ్వడం వేరు, బండి రావడం వేరు. ఫైల్లో ఆ పాత ఫొటో ఉండగా ఏమని రాస్తాడు? బోరింగు పడితే వెంటనే రాయి. పడకపోయినా రాయి, నేనే వస్తాను.

హన్మంతు


గోప్యా తండా,
8 జులై 1979.

హన్మంతన్నకు,

బోరింగు పడింది.

నీ సందేహం సరైనదే. పాత ఫొటో ఫైల్లో ఉంది కాబట్టి, కాలువ ముందు నుంచీ దూరంగానే ఉందని రాస్తే తప్పు ఆయన మెడకు చుట్టుకుంటుంది. అందుకని ఇంజనీరు, జనవరిలో తండాను ఆనుకుని ఉన్న కాలువ ఎండల తీవ్రత వల్ల కోసు దూరం వెనక్కి జరిగినట్టు తమ స్వయంపరిశీలనలో తేలింది కనుక బోరింగు మంజూరు చేయడమైనది అని రాశాడు. పైవాళ్లు ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. వానలకు కాలువ మళ్లీ దగ్గరికి జరిగితే బోరింగు పీక్కుపోతారేమోనని లక్‌పతి నాయక్‌కు ఒకటే ఫికర్.

పటేలు ఫొటో కూడా అచ్చువేసి ఇచ్చాను. ముఖాలు చక్కగా వచ్చాయి. వీపుకు ఆనుకుని కాలువ, కాళ్ల ముందు గుడిసెలు. చూసి లబోదిబోమన్నాడు. “గింత దూరం సచ్చుకుంట నడిస్తే, నాలుగడుగులు ఏసినట్టు పడ్డది ఏందిరా” అన్నాడు. నడిచిన దూరం ఫొటోలో పడేటట్టు మళ్లీ తీయమన్నాడు. దానికి ఇంకోసారి నడవాలని చెప్పాను. ఆలోచించి చెబుతానన్నాడు.

బోరింగు మొదలుపెట్టే రోజు ఆయన నన్ను పిలవలేదు. నిజామాబాదు నుంచి వేరే ఫొటోగ్రాఫరును తెప్పించుకున్నాడు. దండలు, కొబ్బరికాయ, ఉపన్యాసం అన్నీ అయ్యాయి. తండా ప్రజల దాహాన్ని కాలినడకన తెలుసుకున్న సర్పంచు అని ఆయన గురించి ఆయనే చెప్పుకున్నాడు. అది అబద్ధమనడానికి కూడా లేదు. చందర్ ఈసారి పటేలు వెనక కాకుండా పక్కనే నిలబడ్డాడు.

వాళ్లంతా పోయాక అసలు వరుస మొదలైంది. నేను కెమెరా తీసుకురాలేదు. ఇంట్లోంచి ఒక బిందె తీసుకుని నిలబడ్డాను. పక్కన ఆడవాళ్లు నన్ను చూసి ముసిముసిగా నవ్వుకున్నారు గానీ జరగమని ఎవరూ అనలేదు. నా ముందు యాడి ఉంది. ఆమె బిందె నిండింది. పక్కకు దించుకుని వెళ్లిపోతుందనుకున్నాను. వెళ్లలేదు. నేను పెట్టిన బిందె వైపు చూసి, సోమ్లి వైపు తిరగకుండా నా వైపే తిరిగింది.

“సక్కగ వెట్టు, నీళ్లు కిందవడుతున్నయ్” అన్నది.

సరిగా పెట్టాను. నేను కొడతాను, నీ మోకాలు నొస్తుంది అన్నా వినలేదు. నా బిందె నిండేదాకా ఆమే బోరింగు కొట్టింది.

నీ తమ్ముడు,
కిషన్‌లాల్